సిలికాన్ అని చెప్పి డాట్ 5.1 అంటగట్టారు: పాత కార్లున్నవారు జాగ్రత్త

ఇది రాస్తున్న సమయానికి నా చేతులకు బ్రేక్ ఆయిల్ వాసన ఇంకా వదల్లేదు, కోపం అంతకన్నా వదల్లేదు, కాబట్టి ఎక్కడైనా మాట పరుషంగా దొర్లితే మన్నించండి. విక్రేత పేరు రాయను. పాత కార్ల విడిభాగాలు తెప్పించుకునేవారికి ఆయనను పరిచయం చేయనక్కర్లేదు. ప్రతి పొట్లం మీదా ఎర్ర సిరాతో 'అసలు సరుకు' అని ముద్ర కొట్టి పంపే మహానుభావుడు ఎవరో మీకు తెలిసే ఉంటుంది.

కారు మా నాన్నగారిది, 1966 నాటి మినీ. 1919 నుంచి 1930 దాకా తయారైనవాటినే వింటేజ్ అనాలని పట్టుబట్టే పెద్దలతో నాకు పేచీ లేదు; మా ఇంట్లో మాత్రం దానిని ఎప్పుడూ 'నాన్న కారు' అనే అన్నాం. ఆయన పోయాక అది చాలాకాలం కదలకుండా ఉండిపోయింది. రెండేళ్లుగా తీరిక దొరికినప్పుడల్లా ఒక్కొక్కటిగా బాగుచేస్తూ వచ్చి, ఈమధ్య బ్రేకుల దగ్గరికి వచ్చాను. సిలిండర్లు, రబ్బరు వాషర్లు, గొట్టాలు అన్నీ కొత్తవి వేసి, లోపల పాత ఆయిల్ చుక్క లేకుండా కడిగి ఆరబెట్టాను. ఇంత శ్రమ ఎందుకంటే, ఈసారి మామూలు ఆయిల్ కాకుండా సిలికాన్‌తో చేసిన డాట్ 5 పోయాలని నిర్ణయించుకున్నాను. మామూలు రకాలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి, నెలల తరబడి నిలిచి ఉండే కార్లలో ఆ తేమ వల్ల సిలిండర్లు లోపల తుప్పు పడతాయి. సిలికాన్‌కు ఆ గుణం లేదు. పైగా అది రంగు మీద పడినా రంగు చెడదు. నాకు ముఖ్యమైనది ఈ రెండో గుణమే. ఎందుకో కింద చెబుతాను.

తెప్పించే ముందు ఆయనకు ఒకే ఒక్క ప్రశ్న రాశాను: "ఇది సిలికాన్ రకమేనా, పాత రంగు మీద పొరపాటున ఒలికితే ఏమీ కాదు కదా?" పది నిమిషాల్లో జవాబు వచ్చింది: "అవును సార్, సిలికానే, నీళ్లలా వాడుకోండి." ఆ జవాబు చదివి ఎంత నిశ్చింతగా ఫీలయ్యానో తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తోంది. ఆ సంభాషణకు స్క్రీన్‌షాట్ తీసుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు.

సీసా వచ్చింది. దాని మీద ముందువైపు పెద్ద అక్షరాలతో 'డాట్ 5' అని, ఆ 5 పక్కన ఒక చుక్క, చుక్క పక్కన సన్నటి ఒకటి. నా కళ్లద్దాలు జేబులోనే ఉన్నాయి. మూత తీసి లోపలి సీలు చింపినప్పుడు ఆయిల్ లేత తేనె రంగులో కనిపించింది. సిలికాన్ రకం ఊదా రంగులో ఉంటుందని నాకు తెలియకపోలేదు; ఎక్కడో చదివాను, మరిచాను, చూసిన క్షణంలో గుర్తు రావలసింది, రాలేదు. ఈ తప్పు పూర్తిగా నాది, దీనిని ఎవరి మీదికీ నెట్టను.

మినీలో బ్రేకుకు, క్లచ్‌కు చెరొక చిన్న రేకు డబ్బా ఇంజను వెనక గోడకు ఆనుకుని, డ్రైవరు వైపు పక్కపక్కన ఉంటాయి. వాటిలో పోయాలంటే మడ్‌గార్డ్ మీదుగా వంగక తప్పదు. అలా వంగి పోస్తుండగా మెత్తటి ప్లాస్టిక్ సీసా చేతిలో నొక్కుకుపోయి పుడిసెడు ఆయిల్ ఎగదన్నింది. సగం మడ్‌గార్డ్ మీద పడింది, మిగతాది జారి తలుపుకు ముందున్న అతుకులోకి దిగింది. 1959లో ఈ కారు వచ్చినప్పుడు, తయారీ సులువు కావడం కోసం రేకుల అతుకులను బయటికే ఉంచి వెల్డింగ్ చేశారు. మినీకి ఆ ముఖకవళిక వచ్చింది ఆ అతుకుల వల్లే, ఈసారి ఆయిల్ దాక్కున్నదీ వాటిలోనే. నాకు మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. సిలికాన్ కదా! పొడిగుడ్డతో పైపైన ఒకసారి అద్ది, మా అబ్బాయిని పెడల్ దగ్గర కూర్చోబెట్టి బ్రేకుల్లోంచి గాలి తీసే పనిలో పడ్డాను. "తొక్కు, పట్టు, వదులు" అనుకుంటూ నాలుగు చక్రాలూ ముగించేసరికి గంట దాటింది.

లేచి చూసేసరికి మడ్‌గార్డ్ మీద రంగు, కాచిన పాల మీద మీగడ ముడుచుకున్నట్టు ముడతలు పడి ఉంది. ఏమిటో అర్థం కాక వేలితో తాకాను, ముడత వేలికి అంటుకుని వచ్చేసింది. కంగారులో చేయకూడని పనే చేశాను, గుడ్డ తీసుకుని గట్టిగా తుడిచాను. గుడ్డ నిండా ఆకుపచ్చ రంగు, ఆ ఆకుపచ్చలో సన్నగా ఒక తెల్లటి చార.

ఆ తెల్లటి చార మా నాన్నగారు గీసిన గీత. ముందు దీపం పక్క నుంచి తలుపు దాకా, మొన తేలిన కుంచెతో, ఊపిరి బిగబట్టి, ఒక సెలవు రోజంతా కూర్చుని ఆయనే గీశారు. మధ్యలో ఒకచోట ఆ గీత చీమ తలంత ఉబ్బి ఉండేది, ఎందుకంటే సరిగ్గా అక్కడికి వచ్చేసరికి ఆరేళ్ల నేను వెనక నుంచి వచ్చి ఆయన మోచేతిని ఊపాను. ఆయన నన్ను తిట్టలేదు, ఆ ఉబ్బును చెరపనూ లేదు. తరువాత కారుకు మిగతా వైపులా మళ్లీ రంగు వేయించినప్పుడు కూడా ఆ ఒక్క మడ్‌గార్డ్ ముట్టుకోవద్దని చెప్పారు. మా అమ్మ కారు తుడిచే రోజుల్లో ఆ ఉబ్బు మీద వేలు పెట్టి నా వైపు చూసి నవ్వేది. ఇప్పుడు అక్కడ అరచేయంత మేర అడుగు పూత తేలి ఉంది, గీత ఉబ్బుతో సహా గుడ్డలోకి వచ్చేసింది. ఆ గుడ్డను పారేయలేకపోయాను, మడిచి డ్రాయర్‌లో పెట్టాను. నవ్వేవారు నవ్వండి.

ఇక అసలు విషయం. డాట్ అన్నది అమెరికా రవాణా శాఖ పేరులోని మొదటి అక్షరాల కూర్పు, ఆ అంకెలు వారి ప్రమాణంలోని రకాలు. డాట్ 3, 4, 5.1 మూడూ గ్లైకాల్ జాతివి. తేమను పీలుస్తాయి, రంగును కరిగిస్తాయి. డాట్ 5 ఒక్కటే సిలికాన్. 5కు, 5.1కు పొడిగా ఉన్నప్పుడు ఉండవలసిన కనీస మరుగు ఉష్ణోగ్రత ఒకటే, 260 డిగ్రీలు. తేమ చేరాక ఉండవలసినదీ ఒకటే, 180 డిగ్రీలు. అంకెలు ఒకటే కనుక సరుకూ ఒకటే అనుకుంటే మిగిలేది నా మడ్‌గార్డే. ఈ రెండింటినీ ఒకదానిలో ఒకటి కలపకూడదు. లోపలంతా కడిగి ఆరబెట్టి ఉండడం వల్ల నా బ్రేకుల్లో ఆ కలగాపులగం జరగలేదు, అంతవరకు బతికిపోయాను. సిలికాన్‌తో నడుస్తున్న బ్రేకుల్లో ఎవరైనా ఈ సీసాను నమ్మి ఇంకాస్త పోసి ఉంటే పోయేది రంగుతో ఆగేది కాదు.

ఆ సాయంత్రం ఫోన్ చేశాను. గొంతు పెంచకూడదని ముందే అనుకుని, జరిగినది జరిగినట్టు చెప్పాను. ఆయన అంతా విని, తాపీగా ఇలా అన్నారు: "5 అడిగారు, 5.1 పంపాం. దానికన్నా పై రకం సార్, అదే ధరకు ఇచ్చాం, మీరే మాకు థాంక్స్ చెప్పాలి." అది పై రకం కాదు, అసలు వేరే జాతి సరుకు అని వివరించబోయాను. "సీసా సరిగా పట్టుకోవడం రాకపోతే మేమేం చేస్తాం? మెకానిక్‌కి ఇచ్చుకోవలసింది" అన్నారు. అది మింగుడుపడని నిజమే, మింగాను. అక్కడితో ఆగి ఉంటే ఇంత పొడుగు హెచ్చరిక రాసేవాడిని కాదేమో. ఫోన్ చేత్తో మూశాననుకున్నారు కాబోలు, పక్కనున్న ఎవరితోనో ఆయన అన్న మాట స్పష్టంగా వినిపించింది: "ఎవరో ముసలి డబ్బాకి బొబ్బలెక్కాయట, ఫోన్‌లో ఏడుస్తున్నాడు." తరువాత ఇద్దరి నవ్వు. నేను ఏమీ అనలేదు. అనవలసిన మాటలన్నీ ఫోన్ పెట్టేసిన అరగంటకు ఒకదాని వెంట ఒకటి చక్కగా తోచాయి, ఎప్పటిలాగే.

మరుసటి ఉదయం ఆ సరుకు వివరాలు మళ్లీ తెరిచి చూశాను. 'సిలికాన్' అన్న మాట మాయమైంది. నా ప్రశ్న, ఆయన జవాబు రెండూ లేవు. సీసా బొమ్మ మాత్రం అదే. రాత్రికి రాత్రి ఇంత శ్రద్ధగా పనిచేసే దుకాణం సరుకు పంపేటప్పుడు ఒక్క అంకె చూసుకోలేకపోయిందంటే నమ్మమంటారా? తప్పు జరగలేదని ఫోన్‌లో అన్న మనిషి ఆ మాట ఎందుకు చెరిపారో ఆయనే చెప్పాలి. డబ్బు వాపసు అడిగితే ఒక ముక్తసరి సందేశం వచ్చింది: సీలు తీయని సీసా అయితేనే తిరిగి తీసుకుంటారట. సీలు తీయకుండా లోపలున్నదేమిటో తెలుసుకునే విద్య కూడా వారే నేర్పితే బాగుండేది.

రంగు వేసే ఆయన వచ్చి చూశారు. అతుకులోకి దిగిన ఆయిల్‌ను నీళ్లతో పదేపదే కడిగి పూర్తిగా ఆరబెట్టకపోతే, కొత్తగా వేసిన రంగు కూడా అక్కడ లేచిపోతుందని, ఇప్పుడు బాగున్నట్టు కనిపిస్తున్న అంచులు కూడా ఇంకొన్ని రోజుల్లో పొంగవచ్చని చెప్పారు. నిజమే, నిన్నటికి తలుపు వైపు మరో అంగుళం లేచింది. ఆకుపచ్చను ఎలాగైనా కలిపి తెస్తానన్నారు. గీత సంగతి అడిగితే, స్టెన్సిల్ పెట్టి నిక్కచ్చిగా గీస్తానని హామీ ఇచ్చారు. ఆయన మంచి పనివాడే, కానీ నాకు నిక్కచ్చి గీత అక్కర్లేదని ఆయనకు ఎలా చెప్పాలో తెలియలేదు. ఆలోచించి చెబుతానని పంపించేశాను.

కొనేవారికి నేను చెప్పగలిగినది కొంచెమే. సీసా మీద 5 తరువాత చుక్క ఉందేమో కళ్లద్దాలు పెట్టుకుని చూడండి, సిలికాన్ అన్న మాట సీసా మీదే రాసి ఉందో లేదో చూడండి. లోపలిది ఊదా రంగులో లేకపోతే అనుమానించండి. గ్లాసెడు నీళ్లలో ఒక చుక్క వేస్తే గ్లైకాల్ కరిగిపోతుంది, సిలికాన్ కలవకుండా విడిగా నిలుస్తుంది. ఏ రకమైనా సరే, మడ్‌గార్డ్ మీద తడిగుడ్డ పరచి పోయండి. గ్లైకాల్ ఒలికితే తుడవకండి, వెంటనే ధారాళంగా నీళ్లు పోసి కడగండి. విక్రేత ఇచ్చిన ప్రతి జవాబుకూ ఆ రోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

అన్నట్టు, బ్రేకులు మాత్రం బ్రహ్మాండంగా పడుతున్నాయి.