సంప్ పైపు కారుతోంది: పైన పూయాలా, విప్పాలా, కోయాలా?

అక్వేరియం కింది అరలో సంప్ (పై తొట్టి నీరు దిగి, మోటారుతో మళ్లీ పైకి వెళ్లే రెండో తొట్టి) పక్కన తడి కనబడితే చేయి నేరుగా సిలికాన్ ట్యూబు మీదకే పోతుంది. నేనూ మొదటిసారి అదే చేశాను. కారుతున్న ఎల్బో (పైపు మలుపు ముక్క) చుట్టూ దట్టంగా పూసి, ఒక రోజంతా ఆరనిచ్చి మోటారు వేశాను. రెండు రోజులు పొడిగానే ఉంది. మూడో రోజు పూత అంచును గోటితో లాగితే వెల్లుల్లి పొట్టులా ఊడి వచ్చింది. దాని వెనక సన్నని నీటి చార. సిలికాన్ గాజును విడవకుండా పట్టుకుంటుంది, పీవీసీని మాత్రం అంతగా పట్టుకోదు. అందుకే ఈ మూడు దారుల్లో పైపూతకు నా దృష్టిలో చివరి స్థానమే.

మిగిలిన రెండింటిలో ఏది మేలో చెప్పాలంటే ముందు నీరు ఎక్కడినుంచి వస్తోందో తేలాలి. చుక్క పడే చోటే లీకు ఉంటుందనుకోవద్దు, నీరు పైపు వెంబడి జారి అడుగున వేలాడుతుంది. అంతా పొడిగుడ్డతో తుడిచి, ఒక్కో జాయింటుకు టిష్యూ కాగితం చుట్టి చూడండి. అన్నిటికంటే పైన తడిసిన కాగితమే అసలు చోటు చూపుతుంది. మోటారు నడిచేటప్పుడే కారుతుంటే ఎక్కువగా నీటిని పైకి పంపే తిరుగు పైపులో గానీ, సంప్‌లోకి దించే దిగుడు పైపులో గానీ లోపం ఉంటుంది. ఆపాక కూడా ఆగకపోతే బల్క్‌హెడ్‌ను, అంటే పైపు గాజు దాటేందుకు తొట్టి రంధ్రంలో నట్టుతో బిగించిన ఫిట్టింగును, అనుమానించాలి.

బల్క్‌హెడ్ అయితే విప్పడమే సరైన దారి. నీటి మట్టాన్ని రంధ్రం కిందికి దించక తప్పదు. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు రబ్బరు వాషర్‌ను నట్టు వైపు వేయడం. అది బల్క్‌హెడ్ వెడల్పు అంచు వైపు, గాజుకు ఆనుకుని ఉండాలి. నట్టు వైపు వేస్తే నీరు మర చుట్ల సందులోంచి పాకి బయటికొస్తుంది. ఆ మరలకు ఎంత టెఫ్లాన్ టేపు చుట్టినా లాభం లేదు, అక్కడ నీటిని ఆపేది వాషరే. ఒకసారి వాషర్ కింద చిక్కిన ఒక్క ఇసుక రేణువు వల్ల వారం రోజులు చుక్కలు పడ్డాయి. తీసి, గాజు తుడిచి, అదే వాషర్ మళ్లీ వేస్తే ఆగిపోయింది. వాషర్ గట్టిపడినా, అణగిపోయినా కొత్తది వేయండి. చేత్తో బిగించి, ఆపైన పావు చుట్టు చాలు. ఇంకా తిప్పితే వాషర్ పక్కకు పిసికినట్టు జారిపోతుంది, గాజు కూడా పగలవచ్చు.

మరలతో బిగించే పైపు ఫిట్టింగులకు టేపు సరిపోతుంది. పాతది పూర్తిగా గీకి తీసి, బిగించే దిశలోనే మూడు నాలుగు చుట్లు చుట్టాలి. ప్లాస్టిక్‌లోకి ప్లాస్టిక్ వెళ్లే చోట పానాతో బలం చూపిస్తే బయటి ముక్క చీలుతుంది. చీలిక పడ్డాక టేపుతో పని జరగదు, ముక్క మార్చాల్సిందే.

సాల్వెంట్ సిమెంటుతో అతికించిన చోట కారితే కోయడం ఒక్కటే దారి. ఆ సిమెంటు రెండు పీవీసీ ముఖాలను కరిగించి కలిపేస్తుంది. లోపల కలవని చోటును బయటినుంచి పూసి కలపలేం. కోసి, కప్లింగుతో (రెండు పైపులను కలిపే తొడుగు) కొత్త ముక్క వేయండి. ఎల్బోను నేరుగా బల్క్‌హెడ్‌కే అతికించి ఉంటే కోయడానికి చోటు దొరకదు, బల్క్‌హెడ్ మొత్తం పోతుంది. ఎలాగూ కోస్తున్నాం కాబట్టి అక్కడే ఒక యూనియన్ (కోయకుండా విప్పి బిగించగల జాయింటు) పెట్టమని గట్టిగా చెబుతాను. మళ్లీ అవసరమైతే చేత్తో విప్పవచ్చు. దాని ఓ-రింగుకు (లోపలి రబ్బరు వలయం) సిలికాన్ గ్రీజు రాయండి. పెట్రోలియం జెల్లీ కొన్ని రకాల రబ్బరును ఉబ్బిస్తుంది.

నీటిలోనూ గట్టిపడే ఎపాక్సీ పుట్టీ సంగతి వేరు. అర్ధరాత్రి లీకు కనబడి, ముక్కలు చేతిలో లేనప్పుడు అది చేపలను కాపాడుతుంది. ఆ చోటును ఇసుక కాగితంతో గరుకు చేసి అద్దితే పట్టు మెరుగు. ఒత్తిడి ఉండే తిరుగు పైపు మీద మాత్రం దాన్ని నమ్ముకుని రోజులు గడపవద్దు.

ఉప్పునీటి తొట్టిలో జాయింటు చుట్టూ తెల్లని ఉప్పు పొక్కు కట్టి చుక్కలు ఆగినట్టు కనిపిస్తుంది. లోపల తడి పాకుతూనే ఉంటుంది, ఉప్పు వైర్ల మీదుగా ప్లగ్గు దాకా చేరుతుంది. ఆ పొక్కు కనబడ్డ రోజే మోటారు ప్లగ్గు తీసి జాయింటు విప్పండి.