డైనమో బాగు చేయించాలా, కొత్తది వేయించాలా?

మా నెల్లూరు జిల్లా విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల చెరువులకు మేత తోలే కుర్రాళ్లు పదే పదే అడిగేది ఇదే: "అన్నా, బండి చార్జింగ్ ఎక్కట్లేదు. రిపేరు చేయించేదా, కొత్తది కొనేదా?" పోయిన నెల నా బండికీ ఇదే తిప్పలు వచ్చింది. (డైనమో అంటే ఇంజనుతో పాటు తిరుగుతూ బ్యాటరీని చార్జ్ చేసేది. అసలు పేరు ఆల్టర్నేటరే గానీ, మా షెడ్లలో అది డైనమోనే.)

బెల్టు బిగువు చూశాక నేను ముందు చూసేది ఎర్త్ వైరు, అంటే బ్యాటరీ మైనస్‌ని బండి బాడీకి, ఇంజనుకి కలిపే వైరు. మన ఉప్పుగాలికి దాని కొసలు పచ్చగా చిలుం పట్టిపోతాయి. ఇంజను ఆడుతుండగా హెడ్‌లైట్లు వేసి, వోల్టులు కొలిచే మీటరు డీసీలో పెట్టి, ఒక మొన డైనమో బాడీకి, రెండోది బ్యాటరీ మైనస్‌కి పెట్టండి. తర్వాత డైనమో వెనక లావు బోల్టుకీ బ్యాటరీ ప్లస్‌కీ మధ్య చూడండి. ఎక్కడైనా అర వోల్టు దాటిందంటే జబ్బు వైరులో ఉన్నట్టు. అది వదిలేసి కొత్త డైనమో వేసినా బ్యాటరీకి ఒరిగేదేమీ లేదు. నా బండికి మైనస్ వైపు 0.8 వచ్చింది. అంతకుముందే ఒక షెడ్డులో "డైనమో పోయింది, మార్చాల్సిందే" అని తేల్చేశారు!

ఎర్త్ గీకి బిగించాక బ్యాటరీ దగ్గర 14.2 వోల్టులు వచ్చింది, అంటే చార్జింగ్ బాగానే ఎక్కుతున్నట్టు. అయినా చార్జింగ్ లైటు అప్పుడప్పుడూ మినుకుమంటూనే ఉంది. విప్పిస్తే కార్బన్ బ్రష్‌లు అరిగి గోరంత మిగిలాయి. అవి మార్పించాను, అంతే.

అందుకే నా ఓటు రిపేరుకే. బ్రష్‌లు, బేరింగులు, డయోడ్ ప్లేటు (ఏసీ కరెంటును డీసీగా మార్చేది), రెగ్యులేటరు (వోల్టులు హద్దు దాటకుండా ఆపేది) విడిగా దొరుకుతాయి. ఇంజను రేజ్ చేస్తే 15 వోల్టులు దాటుతోందా? రెగ్యులేటరు చూపించండి, లేదంటే బ్యాటరీ నీళ్లు మరిగిపోతాయి. మీటరు ఏసీలో పెట్టినప్పుడు బ్యాటరీ దగ్గర అర వోల్టు పైన వస్తే డయోడ్‌ల మీద అనుమానపడాలి. ఇవన్నీ 12 వోల్టుల బండి లెక్కలు, చీమకుర్తి రాళ్ల లారీలకు 24 వోల్టులు కాబట్టి వాటి లెక్క వేరు.

వైండింగ్ నల్లగా మాడి వాసనొస్తే మాత్రం నేను కొత్తదే వేయిస్తాను. చేత్తో చుట్టించిన వైండింగ్‌లో తీగ మందం, చుట్ల లెక్క సరిగ్గా పడిందో లేదో మనకెలా తెలుస్తుంది? కొత్తది కొనేటప్పుడు బిల్లు, వారంటీ కాగితం అడిగి తీసుకోండి. డబ్బా చూసి మోసపోవద్దు.

ఎక్స్‌చేంజ్ పీసు, అంటే మన పాతది ఇచ్చి తీసుకునే బాగుచేసిన డైనమో, గంటలో బిగించేస్తారు. చెరువు గట్టున మేత కోసం ఎదురుచూస్తుంటే అదే దిక్కు. కానీ దానికి పైన రంగేగానీ లోపల ఏముందో తెలియదు. పాత ఇనుము కొట్టులో దొరికేదాన్ని నేను ముట్టుకోను.