బాల్డర్స్ గేట్ 3: పడుకుంటేనే తెలిసే మనుషులు

బాల్డర్స్ గేట్ 3 అనే ఈ రోల్‌ప్లేయింగ్ వీడియో గేమ్‌లో యుద్ధాలు ఎలా ఉంటాయి, గ్రాఫిక్స్ ఎలా ఉంటాయి అని ఇప్పుడు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 2023 ఆగస్టులో వచ్చిన ఆట, ఆడాలనుకున్నవాళ్లు చాలామంది ఆడేశారు. నేను రాయాలనుకున్నది లాంగ్ రెస్ట్ అనే ఒక్క బటన్ గురించి, అంటే మన గుంపు (పార్టీ) క్యాంప్‌కి వెళ్లి రాత్రి పడుకునే బటన్. ఈ ఆటలో నాకు బాగా నచ్చిన రచనలో పెద్ద భాగం ఆ బటన్ వెనకే ఉంది. ఆ బటన్ నొక్కకుండా మనల్ని భయపెట్టేది కూడా ఈ ఆటే. నా మొదటి ఆట మొత్తం ఆ భయంలోనే గడిచిపోయింది. అందుకే ఇంత ఇష్టమైన ఆట మీద ఇంత కోపం కూడా ఉంది నాకు.

మొదట్లోనే మన తలలోకి ఒక పురుగును ఎక్కిస్తారు. అది కొద్ది రోజుల్లో మనల్ని మైండ్ ఫ్లేయర్ అనే రాక్షసిగా మార్చేస్తుందని చెబుతారు. వైద్యం తన వాళ్ల దగ్గరే ఉందని, క్షణం ఆలస్యం చేయొద్దని మనతో నడిచే లేజెల్ అనే యోధురాలు తరుముతుంది. ఆ మార్పు ఎలా మొదలవుతుందో, ఒంట్లో ఏమేం జరుగుతాయో మనతో ఉండే మాంత్రికుడు గేల్ వివరంగా చెబుతాడు. ఇవన్నీ విన్నాక ఏ మనిషికైనా నిద్ర పడుతుందా? నాకు పట్టలేదు. ఒంట్లో ఓపిక ఉన్నంతసేపూ పార్టీని నడిపిస్తూనే ఉన్నాను.

పైగా కొన్నిచోట్ల ఆ గడియారం నిజంగానే తిరుగుతుంది. వాకీన్స్ రెస్ట్ అనే సత్రం తగలబడుతుంటే కళ్లారా చూసి, ఆ రాత్రికి పడుకుని పొద్దున్నే వెళ్దామంటే లోపలివాళ్లు మిగలరు. గ్రిమ్‌ఫోర్జ్ అనే భూగర్భ శిథిలాల్లో రాళ్లు కూలి విషవాయువు మధ్య చిక్కుకున్నవాళ్లు కూడా మన నిద్రలు అయ్యేదాకా ఆగరు. ఇలాంటివి ఒకటి రెండు తగిలాక, తలలో పురుగు విషయం కూడా అంతేనని ఎవరైనా అనుకుంటారు. కానీ అసలైన ఆ పెద్ద గడియారం తిరగనే తిరగదు. ఎన్ని రాత్రులు పడుకున్నా మనం మైండ్ ఫ్లేయర్ అయిపోము. మనల్ని ఏదో శక్తి కాపాడుతోందని గార్డియన్ అనే మనిషి కలలో కనిపించి చెబితేనే ఆ టెన్షన్ తగ్గుతుంది. కల రావాలంటే పడుకోవాలి. పడుకోవడానికి భయపడేవాడికి ధైర్యం చెప్పే మనిషిని తీసుకెళ్లి నిద్రలో దాచిపెట్టారు!

ఇందులో ఇంకో చిక్కు ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఈ ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే బల్ల మీద ఆడే ఆట ఐదో ఎడిషన్ నియమాల మీద నడుస్తుంది. మన పాత్రకు ఒక క్లాస్, అంటే వృత్తి, ఎంచుకోవాలి. విజార్డ్, క్లెరిక్ లాంటి క్లాసుల స్పెల్ స్లాట్లు (మంత్రాలు వేయగలిగే లెక్క) నిండాలంటే లాంగ్ రెస్ట్ తీసుకోవాలి. వార్‌లాక్‌కి షార్ట్ రెస్ట్, అంటే పడుకోకుండా తీసుకునే చిన్న విరామం చాలు, ఒక్క క్లిక్‌తో స్లాట్లు తిరిగొచ్చేస్తాయి. బ్యాటిల్ మాస్టర్ ఫైటర్‌కీ, మాంక్‌కీ అంతే. రోగ్‌కైతే దాదాపు ఏ రెస్టూ అక్కర్లేదు. రోజుకు రెండు షార్ట్ రెస్ట్‌లు ఎలాగూ ఉన్నాయి, పార్టీలో బార్డ్ ఉంటే ఇంకొకటి కలుస్తుంది. నేను మొదట ఎంచుకున్నది వార్‌లాక్. పక్కన ఫైటర్ లేజెల్, రోగ్ ఆస్టారియన్, గాయాలు మాన్పడానికి షాడోహార్ట్. షాడోహార్ట్ క్లెరికే అయినా, ఇలాంటి పార్టీకి నిద్ర అవసరం పెద్దగా రాదు. అంటే మొదటి తెర మీద మనం ఎంచుకునే క్లాసే, మనకు ఎంత కథ దొరకాలో సగం తేల్చేస్తుంది. ఆ మాట ఆ తెర మీద ఎక్కడా ఉండదు.

నిద్రకీ కథకీ ఏమిటి సంబంధం అంటే, తోటివాళ్లు మనసు విప్పి మాట్లాడే పెద్ద సీన్లన్నీ క్యాంప్‌లో రాత్రిపూట వస్తాయి. ఒక రాత్రికి సాధారణంగా ఒక్క సీనే. మిగతావి వరసలో ఆగి ఉంటాయి. కథ ముందుకు జరిగి మొదటి అంకం దాటిపోతే, ఆ వరసలో మిగిలినవి చడీచప్పుడు లేకుండా పోతాయి. ఏం పోయిందో కూడా మనకు తెలియదు.

నాకు తెలిసింది మా బావమరిది వల్ల. మధురవాడ నుంచి ఆదివారాలు గాజువాకలో మా ఇంటికి వస్తుంటాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరం సిస్టమ్ ముందు కూర్చుంటాం.

“బావా, ఆస్టారియన్ నిన్ను కొరికాడా?”

“కొరకడమేటి?”

“ఏటి బావా, ఆ సీనే రాలేదా నీకు? రెండో అంకంలో షాడో కర్స్డ్ ల్యాండ్స్ దాకా వచ్చేశావ్ కదా!”

అతను విజార్డ్‌తో ఆడాడు. రెండు యుద్ధాలకు స్లాట్లన్నీ ఖాళీ, ఇక పడుకోవడమే. అతని ఆటలో గేల్ ఒక రాత్రి పక్కన నిలబెట్టుకుని, మంత్రాలన్నిటికీ మూలమైన వీవ్ అంటే ఏమిటో చేతుల్లోకి తెచ్చి చూపించాడట. నా ఆటలో గేల్ మాయా వస్తువులు అడిగి పుచ్చుకునే మనిషి, అంతే. అతని లేజెల్ ఒక రాత్రి అతను మారిపోతున్నాడనుకుని గొంతు మీద కత్తి పెట్టింది. నా లేజెల్ పగలు నాతో నడిచి గొడ్డలి తిప్పింది. ఒకే ఆట, ఒకే మనుషులు. అతనికి స్నేహితులయ్యారు, నాకు సైనికులుగా మిగిలారు. కథ చెప్పిన మాట నమ్మి, పరిగెత్తి ఆడినవాడికే కథ తక్కువ దొరకడం ఏం న్యాయం? ఆ రోజు నాకు వచ్చిన బాధ చిన్నది కాదు.

తర్వాత విజార్డ్‌తో మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను. ఈసారి యుద్ధం బరువుగా అనిపించినప్పుడల్లా క్యాంప్. అప్పుడు తెలిసింది ఆ కొరికే సీన్ ఎలాంటిదో. దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఆట వ్యవస్థా, పాత్ర రచనా ఒకటైపోవడం ఇంత బాగా నేను ఇంకెక్కడా చూడలేదు.

ముందుగా దారిలో ఒక చచ్చిన అడవిపంది కనిపిస్తుంది, ఒంట్లో నెత్తురు చుక్క ఉండదు. చూసి అనుమానపడొచ్చు, దాటి పోవచ్చు. తర్వాత ఒక రాత్రి మెలకువ వచ్చేసరికి ఆస్టారియన్ మన మెడ మీదికి వంగి ఉంటాడు. దొరికిపోయిన మనిషి ముఖం అది. రెండు వందల ఏళ్లు కాజడార్ అనే యజమాని కింద బానిసగా బతికానని, మనిషి రక్తం ఎప్పుడూ రుచి చూడలేదని, జంతువులే తన తిండని చెబుతాడు. మనం ఒప్పుకోవచ్చు, తరిమేయొచ్చు. నేను ఒప్పుకున్నాను. ఆపమని చెప్పాల్సిన క్షణం కూడా మన చేతుల్లోనే ఉంటుంది. అక్కడ ఆపకపోతే ప్రాణమే పోవచ్చు.

సీన్ అయిపోయింది, బాగుంది అనుకున్నాను. కానీ అది అయిపోలేదు. పొద్దున్న లేచేసరికి నా పాత్ర పేరు కింద ఒక కొత్త గుర్తు ఉంది. రక్తం పోయిన నీరసం. ఆ రోజంతా ప్రతి పాచికలోనూ ఒకటి తగ్గుతుంది. ఆస్టారియన్ మాత్రం హుషారుగా ఉంటాడు, అతని పాచికలకు లాభం. కాసేపటికి గోబ్లిన్ల కాపలావాడితో మాటలతో నెగ్గుకురావాల్సి వచ్చింది. కావాల్సింది 10. అన్నీ కలుపుకుని పడింది 9. ఆ తగ్గిన ఒక్కటి ఎక్కడికి పోయిందో నాకు తెలుసు, రాత్రి నేనే ఇచ్చాను. ఎఫ్8 నొక్కి ముందు సేవ్ చేసిన చోటికి వెనక్కి వెళ్లొచ్చు, కానీ వెళ్లాలనిపించలేదు. ఆ యుద్ధం అలాగే చేశాను. ఒకరి మీద జాలిపడితే మనకు ఏదో ఒకటి ఖర్చవుతుందన్న సంగతిని డైలాగ్‌తో కాకుండా లెక్కతో చెప్పారు. దాన్ని ఆలోచించి పెట్టినవాళ్లకు దండం పెట్టాలి.

రాత్రే ఎందుకు అంటే, మనుషులు నిజంగా అప్పుడే మాట్లాడతారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు. ఏళ్ల తరబడి తలుపులు వేసుకున్నవాళ్లు మేడల మీద చాపలు పరుచుకుని, చీకట్లో ఒకరి కష్టం ఒకరితో చెప్పుకున్నారు. ఈ ఆటలో క్యాంప్ మంట చుట్టూ జరిగేది సరిగ్గా అదే. పగలు ఎవరి పని వాళ్లది. రాత్రి ఒకరి తల మీద ఆశ్చర్యార్థకం గుర్తు కనిపిస్తే, వెళ్లి పక్కన నిలబడాలి.

పాత ఆటలతో పోలిస్తే ఇది ఎంత ముందడుగో అర్థమవుతుంది. 2009లో వచ్చిన డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్‌లో కూడా క్యాంప్ ఉంది, మంచి మనుషులూ ఉన్నారు. కానీ అక్కడ బహుమతులు ఇస్తూ పోతే ఇష్టం అంకెల్లో పెరుగుతూ పోయేది. 2018 నాటి పాత్‌ఫైండర్: కింగ్‌మేకర్‌లో గడువులు నిజమైనవి. రోజులు నిజంగా కరిగిపోతాయి, ఆలస్యమైతే రాజ్యమే పోతుంది. ఆ ఆట నన్ను చాలా విసిగించింది, కానీ గడువు గురించి నాకు అబద్ధం చెప్పలేదు. బాల్డర్స్ గేట్ 3లో ఆ ఒక్క నిజాయితీ ఉండి ఉంటే ఎంత బాగుండేదో.

ఇంత పొగిడాను కాబట్టి కొన్ని విషయాలు సరిచేయాలి. మూడోసారి ఆడుతున్నప్పుడు రాత్రుల వెనకున్న యంత్రం కాస్త కనబడటం మొదలైంది. ఎవరికి మనం నచ్చామో తెర మూలన ఎప్పటికప్పుడు చెబుతూ ఉండటం వల్ల, మాట్లాడేముందు మనసులో లెక్కలు వేసుకుంటాం. దాన్ని దాచేస్తే బాగుండేది. షాడోహార్ట్ జీవితంలో అన్నిటికంటే పెద్ద నిర్ణయం వచ్చే చోట, మనం ఆమెను నమ్మి ఊరుకుంటే ఆమే తేల్చుకుంటుంది. అది అద్భుతం. అయితే దాని వెనక కూడా మనం కూడబెట్టిన ఇష్టం అంకెలే ఉన్నాయని తెలిశాక కొంచెం చల్లబడ్డాను. మన తోటివాళ్లలో ఒకడైన విల్‌కి మిగతావాళ్లకు దక్కినన్ని మంచి రాత్రులు దక్కలేదు. అతని కథలో అతనికంటే, అతను ఒప్పందం చేసుకున్న మిజోరా అనే పిశాచమే ఎక్కువ గుర్తుండిపోతుంది. నగరంలోకి అడుగుపెట్టాక పగళ్లు కిక్కిరిసిపోయి, రాత్రులు పలచబడతాయి.

తోటివాళ్లలో ఇంకొకరైన కార్లాక్ విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు. గుండె స్థానంలో మండే ఇంజిన్ ఉన్న మనిషి, ఎవరినీ తాకలేదు. ఇన్ఫర్నల్ ఐరన్ వెతికి డామన్ అనే కమ్మరికి ఇచ్చి రెండుసార్లు బాగుచేయిస్తే గానీ ఆమె ఎవరినైనా ముట్టుకోగలిగే స్థితికి రాదు. డామన్ మొదటి అంకంలో శరణార్థుల మధ్య ఉంటాడు. గోబ్లిన్ల పక్షం చేరి ఆ శరణార్థులను చంపిస్తే డామన్ కూడా పోతాడు, ఆ దారి మూసుకుపోతుంది. మా ఆవిడకు ఈ ఆటలు పట్టవు, అయినా కార్లాక్ మాట్లాడుతుంటే వచ్చి నిలబడి వింటుంది. ఆమె ముగింపు తొందరగా తేల్చేశారని మొదట్లో చాలామంది బాధపడితే, ఆటను చేసిన లేరియన్ వాళ్లు తర్వాతి ప్యాచ్‌లలో (అప్‌డేట్లలో) దాన్ని పెంచారు. 2023 నవంబరులో వచ్చిన ఐదో ప్యాచ్‌లో అందరూ ఆరు నెలల తర్వాత మళ్లీ కలిసే విందు పెట్టారు. అది కూడా క్యాంప్‌లోనే, రాత్రిపూటే. తమ ఆటలో ప్రాణం ఎక్కడుందో వాళ్లకు తెలుసు. ఆటగాడికి మొదటి రోజే చెప్పడం ఒక్కటే మిగిలిపోయింది.

ఇక కొనాలా వద్దా అంటే, అది మీ జీవితం ఎలా నడుస్తుందన్న దాని మీద ఉంటుంది. నాది షిఫ్టుల ఉద్యోగం. సి షిఫ్ట్ వారం వచ్చిందంటే ఈ ఆట ముట్టుకోను. మళ్లీ కూర్చునేసరికి ఎవరికి ఏం మాట ఇచ్చానో మర్చిపోతాను. ఈ ఆటకు అది పడదు. మే నెల ఉక్కలో ఫ్యాన్ కింద కూర్చుని ఆడితే, నగరం భాగంలో మా సిస్టమ్ వేడెక్కి తడబడింది. మీది కొత్తదైతే ఆ బాధ ఉండకపోవచ్చు. డిస్క్‌లో 150 జీబీ చోటు కావాలి. తెలుగు సబ్‌టైటిల్స్ లేవు, ఇంగ్లిష్ చాలా చదవాలి. చకచకా కత్తి తిప్పే ఆటలు ఇష్టమైతే, వంతులవారీ యుద్ధాలు మొదటి వారంలోనే విసుగు పుట్టించొచ్చు. మనుషుల కోసం ఆడేవాళ్లకైతే మాత్రం, ఇంత మంచిది నాకు తెలిసి ఇంకొకటి లేదు.

మొదలుపెడితే మొదటిసారి విజార్డ్ గానీ క్లెరిక్ గానీ తీసుకోండి. వార్‌లాకే కావాలంటే, లాంగ్ రెస్ట్‌కి ఖర్చయ్యే తిండి సామాన్ల గురించి లెక్క చూసుకోకండి. మామూలు కష్టం స్థాయిలో ఒక రాత్రికి 40 సామాన్ల లెక్క సరిపోతుంది, దారిలో దొరికేవి మిగిలిపోతాయి. అవి కూడా ఖర్చుపెట్టడం ఇష్టం లేకపోతే సామాన్లు పెట్టకుండా పడుకోండి. ఒంట్లో బలం సగమే తిరిగొస్తుంది గానీ రాత్రి రాత్రే, సీన్ సీనే. కొత్త చోటికి దాటేముందు, ముఖ్యంగా మొదటి అంకం వదిలేముందు, ఎవరి తల మీదా గుర్తు లేదనిపించేదాకా వరసగా పడుకుంటూ ఉండండి.

మా బావమరిది ఇవేవీ ఒప్పుకోడు. ముందే అన్నీ చెప్పేస్తే ఎవరి ఆట వాళ్లదిగా ఉండదంటాడు, మూడో అంకంలో నగరమే అన్నిటికంటే గొప్పదంటాడు. అతనికి ఆ కొరికే సీన్ మొదటిసారే వచ్చింది కదా.