అంతర్యుద్ధంలో పోరాడిన ముత్తాత కోసం: సర్వీసు రికార్డా, పింఛను ఫైలా, ఏది ముందు?

మా అమ్మాయి అత్తగారిది అమెరికాలోని కెంటకీ రాష్ట్రం. తరతరాలుగా అక్కడే ఉన్న నల్లజాతి కుటుంబం. నేను ఆవిడను వదినగారూ అనే పిలుస్తాను. మూడేళ్ల కిందట మా మామగారి తద్దినం రోజున ఆవిడ మా ఇంట్లోనే ఉన్నారు. పిండాలు పెట్టేటప్పుడు మావారు తండ్రి, తాత, ముత్తాత పేర్లు వరసగా చెబుతుంటే విని, అవేమిటని అడిగి తెలుసుకుని, చాలాసేపు మాట్లాడలేదు. సాయంత్రం కాఫీ తాగుతూ అన్నారు: “మా ముత్తాత అంతర్యుద్ధంలో సిపాయి. లింకన్ సైన్యంలో పనిచేశాడని మా నాన్న చెప్పేవాడు. అంతకు మించి నాకేమీ తెలియదు.”

మా వెతుకులాట అక్కడ మొదలైంది. అమెరికాలో మన కుటుంబాలకు ఇలాంటి వియ్యాలు ఇప్పుడు అరుదేమీ కాదు. మనవడు స్కూలు కోసం వంశవృక్షం గీస్తే ఒక కొమ్మ గుంటూరుకు, ఇంకో కొమ్మ కెంటకీకి పోతుంది. ఆ రెండో కొమ్మ వెంట వెళ్లాలనుకునే వాళ్లకు మొదటి రోజే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. వాషింగ్టన్‌లో ప్రభుత్వ పాత కాగితాలు భద్రపరిచే నేషనల్ ఆర్కైవ్స్‌లో సిపాయికి సంబంధించి ముఖ్యంగా రెండు రకాల కాగితాలుంటాయి: సర్వీసు రికార్డు, పింఛను ఫైలు. ఏది ముందు తెప్పించుకోవాలి? చాలామంది సర్వీసు రికార్డు అంటారు. నా మాట పింఛను ఫైలు. ఎందుకో చెబుతాను, ఎక్కడ ఆ మాట చెల్లదో కూడా చెబుతాను.

సర్వీసు రికార్డు యుద్ధం జరిగినప్పుడే తయారైందని మేమూ అనుకున్నాం. కాదు. యుద్ధం 1865లో ముగిస్తే, 1890ల్లో వార్ డిపార్ట్‌మెంటు గుమాస్తాలు పాత మస్టరు రోళ్లు, ఆసుపత్రి రిజిస్టర్లు, ఖైదీల జాబితాలు ముందేసుకుని, సిపాయి పేరు కనబడ్డ ప్రతిచోటా ఒక కార్డు రాశారు. ఆ కార్డులన్నీ ఒక కవరులో చేర్చారు. మన ఊళ్లలో ఉపాధి పనికి వెళ్లేవాళ్లకు మస్టరు అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇదీ అలాంటిదే: ప్రతి రెండు నెలలకూ హాజరా, గైర్హాజరా, జబ్బా, జీతంలో కోత ఉందా. వీటితో పాటు చేరిన తేదీ, చోటు, వయసు, ఎత్తు, ఒంటి రంగు, పుట్టిన ఊరు, చేసే పని ఉంటాయి. భార్య పేరు, తల్లిదండ్రుల పేర్లు సాధారణంగా ఉండవు. సిపాయి రెండు రెజిమెంట్లలో పనిచేస్తే కవర్లు కూడా రెండు, రెండూ విడివిడిగా అడగాలి.

పింఛను ఫైలు వేరే సంగతి. 1862 చట్టం ప్రకారం యుద్ధంలో దెబ్బతిన్నవాళ్లకు, చనిపోయినవాళ్ల భార్యాబిడ్డలకు, కొడుకు మీదే ఆధారపడ్డ తల్లులకు పింఛను వచ్చేది. 1890 చట్టం తలుపులు ఇంకా బార్లా తెరిచింది. 90 రోజులు పనిచేసి గౌరవంగా విడుదలైనవాడికి ఒంట్లో శక్తి లేకపోతే చాలు, అది యుద్ధం వల్లే వచ్చిందని రుజువు చేయనక్కర్లేదు. 1907 నుంచి 62 ఏళ్లు దాటడమే అర్హత అయింది. కానీ ప్రభుత్వం ఊరికే ఇవ్వదు కదా, ప్రతిదానికీ రుజువు అడిగింది. ఆ రుజువులే ఇవాళ మనకు నిధి. పెళ్లి ఎప్పుడైంది, ఎవరు చేశారు, పురుడు పోసిన మంత్రసాని ఎవరు, పక్కన నిలబడి పోరాడిన తోటి సిపాయి ఏమంటాడు, మోకాళ్లు ఎప్పటినుంచి వాచాయి, అన్నీ ప్రమాణపూర్వకంగా రాసిన కాగితాలే. పెళ్లికాని కొడుకు పోయిన తల్లులు, వాడే తనను పోషించాడని చూపడానికి, వాడు శిబిరం నుంచి రాసిన ఉత్తరాలనే జతచేసిన ఫైళ్లున్నాయి. ఆ ఉత్తరాలు ఇంటికి తిరిగి రాలేదు, ఇప్పటికీ ఫైల్లోనే ఉన్నాయి.

1898లో పింఛను కార్యాలయం సిపాయిలకు ఒక ప్రశ్నాపత్రం పంపింది. భార్య పుట్టింటి పేరు, పెళ్లి తేదీ, అంతకుముందు పెళ్లి అయిందా, బతికున్న పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు రాయాలి. 1890 జనాభా లెక్కల కాగితాలు 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో బాగా దెబ్బతిన్నాయి, మిగిలినవాటినీ తర్వాత ప్రభుత్వమే ధ్వంసం చేయడంతో దాదాపు అన్నీ పోయాయి. 1880కీ 1900కీ మధ్య పుట్టిన పిల్లల కోసం వెతికేవాళ్లకు ఈ ఒక్క కాగితం ఎంత అక్కరకొస్తుందో వేరే చెప్పాలా?

పేర్ల చిక్కు కూడా ఈ ఫైల్లోనే విడిపోతుంది. హారియెట్ టబ్‌మన్ సంగతే చూడండి. బానిసలను తప్పించి ఉత్తరాదికి చేర్చిన ఆ మహాతల్లికి భర్త తరఫున వితంతు పింఛను రావాలి. కానీ ఆయన 8వ నల్లజాతి పదాతి రెజిమెంటులో చేరింది నెల్సన్ చార్లెస్ పేరుతో, అందరికీ తెలిసింది నెల్సన్ డేవిస్‌గా. ఇద్దరూ ఒక్కరేనని సాక్షులతో చెప్పించి, నెలకు 8 డాలర్లు పొందేసరికి 1895 వచ్చింది. ఆమెకు అది ఎంత విసుగో! సర్వీసు రికార్డు ఒక్కటే చూసేవాడికి డేవిస్ దొరకడు.

బానిసత్వం నుంచి వచ్చిన కుటుంబాలకు ఈ ఫైలు విలువ ఇంకా ఎక్కువ. బానిసల పెళ్లిని చట్టం పెళ్లిగా ఒప్పుకోలేదు, కాబట్టి రిజిస్టరులో కనబడదు. 1864లో కాంగ్రెసు, నల్లజాతి సిపాయిల వితంతువులు తాము భార్యాభర్తలుగా బతికామని సాక్షులతో చెప్పిస్తే చాలని ఒప్పుకుంది. అనుమానం వచ్చిన చోట ప్రత్యేక విచారణాధికారి ఊరికి వెళ్లి వాంగ్మూలాలు రాసుకునేవాడు. చదవడం రానివాళ్లు తమ జీవితాన్ని తమ నోటితో చెప్పుకున్న మాటలు అలా మిగిలాయి. ఇలాంటివి నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇక ఖర్చు. పూర్తి పింఛను ఫైలు నకలుకు సర్వీసు రికార్డుకన్నా రెట్టింపు పైనే రుసుము, వంద పేజీలు దాటితే అదనం. అయితే రీడింగ్ రూమ్‌కు వెళ్లి ఫోనుతో ఫొటోలు తీసుకుంటే డబ్బు కట్టనక్కర్లేదు. వాషింగ్టన్ పక్కనే ఉన్న వర్జీనియాలో చుట్టమో స్నేహితుడో లేని తెలుగిల్లు ఎక్కడుంది? ఒక పూట అడిగి చూడండి. పింఛను కార్డుల సూచిక ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల వెబ్‌సైటులో ఉచితం. రెజిమెంటు, అందులోని కంపెనీ (చిన్న దళం), దరఖాస్తు సంఖ్య, వితంతువు పేరు దానిమీదే ఉంటాయి.

పింఛను ఫైలే ఉండని సందర్భాలూ ఉన్నాయి. యుద్ధంలోనే పోయి వెనక ఎవరూ మిగలని కుర్రవాడు, పారిపోయినవాడుగా ముద్రపడినవాడు, దరఖాస్తు పెట్టకముందే కన్నుమూసినవాడు. వీళ్లకు సర్వీసు రికార్డే దిక్కు. లింకన్ ప్రభుత్వం నుంచి విడిపోయి పోరాడిన దక్షిణాది కాన్ఫెడరేట్ సిపాయికి కూడా నేషనల్ ఆర్కైవ్స్‌లో అంతే, ఎందుకంటే వాళ్లకు ఫెడరల్ ప్రభుత్వం పింఛను ఇవ్వలేదు. రాష్ట్రాలు ఇచ్చాయి, అదీ పోరాడిన రాష్ట్రం కాదు, ముసలితనంలో ఉంటున్న రాష్ట్రం. జార్జియా రెజిమెంటులో పనిచేసి టెక్సస్‌లో స్థిరపడినవాడి కాగితం టెక్సస్‌లో వెతకాలి. నేషనల్ పార్క్ సర్వీసు వాళ్ల ఉచిత జాబితాలో రెండు పక్షాలవీ కలిపి 63 లక్షల పేర్లున్నాయి. కానీ ఒకే పేరున్నవాళ్లు డజన్లకొద్దీ కనబడతారు, అక్కడ దొరికిన మొదటి పేరునే మన తాత అనుకోవద్దు.

మా విషయంలో 1910 జనాభా లెక్కలతో మొదలుపెట్టాం. ఆ ఏడాది యూనియన్ (లింకన్ పక్షం) సైన్యమా, కాన్ఫెడరేట్ సైన్యమా అని సిపాయిల కోసం ఒక గడి ఉంది. వదినగారి తాత ఉన్న ఇంట్లోనే ఒక ముసలాయన పేరు ఎదురుగా ‘యూఏ’ అని రెండక్షరాలు, అంటే యూనియన్ ఆర్మీ. అక్కడి నుంచి పింఛను సూచిక, తర్వాత ఫైలు. 1898 కాగితంలో ఆయన పిల్లలందరి పేర్లూ, వాళ్లలో వదినగారి తాత పేరు, పుట్టిన తేదీతో సహా. కింద సంతకం చోట ఇంటూ గుర్తు. ఆవిడ ఆ గుర్తు మీద వేలు పెట్టి ఉంచేశారు.

తర్వాతే సర్వీసు రికార్డు తెప్పించాం, అప్పుడు నా మాటను కొంచెం సవరించుకోవలసి వచ్చింది. కెంటకీ యూనియన్‌లోనే ఉండిపోయిన బానిస రాష్ట్రం. అక్కడి నల్లజాతి యువకులు 1864లో వేలమంది క్యాంప్ నెల్సన్ అనే సైనిక శిబిరానికి చేరుకుని సైన్యంలో చేరారు. చేరితే తనకు స్వేచ్ఛ, 1865 మార్చి 3 చట్టంతో భార్యాబిడ్డలకూ స్వేచ్ఛ. యూనియన్‌కు విధేయుడైన యజమాని 300 డాలర్ల దాకా పరిహారం అడగవచ్చు. అందుకే ఇలాంటి సిపాయిల రికార్డుల్లో చాలాచోట్ల యజమాని పేరు రాసి ఉంటుంది. మా కార్డులోనూ ఉంది. పింఛను ఫైల్లో అది ఎక్కడా లేదు.

ఆ పేరు చదవడం ఆవిడకు కష్టమైంది. అయినా అది లేకుండా వెనక్కి వెళ్లలేం. విముక్తులైనవాళ్లలో అత్యధికుల పేర్లు మొదటిసారి కనబడేది 1870 లెక్కల్లోనే. 1850, 1860 బానిసల జాబితాల్లో యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు, అంతే. మనుషుల పేర్లు కనబడేది యజమానుల వీలునామాల్లో, ఆస్తి పంపకాల కాగితాల్లో, పక్కన ధరతో. అందుకే, విముక్తుల కుటుంబమైతే రెండూ తెప్పించండి, పింఛను ఫైలు ముందు. ఉత్తరాది తెల్లజాతి కుటుంబమైతే పింఛను ఫైలు దొరికాక సర్వీసు రికార్డు నిదానంగా చూసుకోవచ్చు.

వచ్చే నెల వదినగారూ నేనూ ఆ యజమాని ఉన్న కౌంటీ కోర్టుకు వెళ్తున్నాం. 1864కు ముందు వీలునామాల పుస్తకాలు చూడాలి. సిపాయి తల్లి పేరు పింఛను ఫైల్లోని ఒక సాక్షి వాంగ్మూలంలో ఒకే ఒక్కచోట ఉంది. దాన్ని చీటీ మీద రాసి ఆవిడ పర్సులో పెట్టుకున్నారు.