అంతర్వేది బోటు మీద ఉప్పునీళ్ళ ఆర్వో: రెండు మిషన్లు వాడాక

సఖినేటిపల్లి దగ్గర మాది చిన్న వాటర్ ప్లాంటు, 20 లీటర్ల టిన్నులు నింపి ఇస్తాం. అందుకే మా బావ తన బోటు మీద సముద్రం నీళ్ళని మంచినీళ్ళు చేసే మిషను పెట్టిద్దామనుకున్నప్పుడు ముందు నన్నే అడిగాడు. నేనూ పెద్ద తెలిసినవాడిలా "దానికేముంది బావా, ప్లాంటులో మెంబ్రేన్ (ఉప్పుని ఆపి నీళ్ళని వదిలే పొర) ఒకటి ఖాళీగా ఉంది, పట్టుకెళ్ళి బిగించేద్దాం" అన్నాను. ఆ మాట గుర్తు చేసి ఇప్పటికీ ఏడిపిస్తాడు. మా బోరు నీళ్ళు ఎంత ఉప్పగా ఉన్నా టీడీఎస్ (లీటరు నీళ్ళలో కరిగిన ఉప్పులు, మిల్లీగ్రాముల్లో) 2,000 చిల్లర. సముద్రానిది 35,000. ఆ ఉప్పు నుంచి నీళ్ళని విడదీయాలంటే 27 బార్ ప్రెషర్ దాటితే గానీ మొదటి చుక్కే రాదు, పనికొచ్చేటట్టు రావాలంటే 55 బార్ కావాలి. మా ప్లాంటు పంపు 12 బార్‌కే ఆయాసపడుతుంది. మెంబ్రేన్ వేరు, పంపు వేరు, పైపులు వేరు. పేరు మాత్రం రెండిటికీ ఆర్వోయే.

అసలు మిషను ఎందుకంటే, బోటులో దాన్ని నడిపే సరంగుతో కలిపి ఎనిమిది మంది, వెళితే పన్నెండు నుంచి పదిహేను రోజులు. తాగడానికి, వంటకి మనిషికి 5 లీటర్లు వేసుకున్నా 600 లీటర్లు మోసుకెళ్ళాలి. అయిదారు రోజులకే ఆ డ్రమ్ము నీళ్ళు ప్లాస్టిక్ వాసన, డీజిల్ వాసన కలిసి నోట పెట్టుకోలేనట్టు అయిపోతాయి.

మొదటి మిషను ఒక డీలరు దగ్గర తీసుకున్నాం, పేరు రాయను. 24 వోల్టుల బ్యాటరీ మీద గంటకి 30 లీటర్లు ఇస్తుందని, "మెయింటెనెన్స్ అసలేం ఉండదండీ" అని చెప్పాడు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా బాగానే ఇచ్చింది, టీడీఎస్ 300 లోపే వచ్చేది. ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలైంది, జూన్ 14 దాకా 61 రోజులు మర పడవలు కదలకూడదు కదా. బోటు కట్టేసి, వలలు బాగుచేసుకుంటూ కూర్చున్నాం. మిషనులో ఉన్న ఉప్పునీళ్ళు మిషనులోనే ఉండిపోయాయి, పైన రోహిణి కార్తె ఎండలు. నిషేధం అయ్యాక మొదటి వేటలో స్విచ్చి వేస్తే కుళ్ళిన కోడిగుడ్డు వాసన! సముద్రం నీళ్ళలో కంటికి కనపడని జీవాలు బోలెడుంటాయి, అవి గాలాడక లోపలే చచ్చి కుళ్ళిన వాసన అది. టీడీఎస్ 1,800 చూపించింది, వచ్చే నీళ్ళు సగమైపోయాయి. డీలరుకి ఫోన్ చేస్తే "మెంబ్రేన్ కన్స్యూమబుల్ సార్, వారంటీలోకి రాదు" అన్నాడు. పైగా ఆ మెంబ్రేన్ సైజు ఆయన మిషనుకి తప్ప దేనికీ సరిపోదు, ఆయన దగ్గర తప్ప ఎక్కడా దొరకదు.

ఇందులో సగం తప్పు నాది కూడా. ఆపేముందు మంచినీళ్ళతో కడిగి, సోడియం మెటాబైసల్ఫైట్ లీటరుకు 10 గ్రాముల లెక్కన కలిపి నింపి మూసేస్తే ఏమీ అయ్యేది కాదు. రొయ్యల షెడ్లలో రొయ్య నల్లబడకుండా వాడేది కూడా అదే మందు, మన ఏరియాలో దొరకకపోవడమన్నదే లేదు. నెలకోసారి మార్చాలి, అంటే నిషేధం మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి. ప్లాంటు ఆగినప్పుడు నేను చేసే పనే అది, బోటు దగ్గరికొచ్చేసరికి తట్టలేదంతే. కడగడానికి పంచాయతీ కుళాయి నీళ్ళు నేరుగా పట్టకండి, క్లోరిన్ తగిలితే మెంబ్రేన్ పోతుంది. మధ్యలో కార్బన్ ఫిల్టరు ఉండాలి.

రెండోది కొనేముందు మాత్రం నెట్‌లో బాగా చదివాను. అక్కడ రాసేవాళ్ళంతా తెరచాప పడవలవాళ్ళు, అందరిదీ ఒకటే మాట, ఎనర్జీ రికవరీ. స్పెక్ట్రా కంపెనీ క్లార్క్ పంపు లాంటివన్నమాట, బయటికి పోయే ఉప్పునీళ్ళలో మిగిలిన ప్రెషర్‌తోనే లోపలికొచ్చే నీళ్ళని తోస్తుంది, లీటరుకి 4 వాట్ అవర్ల దరిదాపుల్లో కరెంటు సరిపోతుంది. అది లేకపోతే చిన్న మిషన్లు లీటరుకి అయిదారు రెట్లు తినేవి కూడా ఉన్నాయి. సోలార్ ప్యానెల్, బ్యాటరీ మీద బతికేవాళ్ళకి అది ప్రాణం, కాదనను, తెలివైన పని. కానీ మనది వల లాగే బోటు. లాగుతున్నంతసేపూ ఇంజను నడుస్తూనే ఉంటుంది, 100 హెచ్‌పీ దాటిన ఇంజనుకి ఇంకో 2 హెచ్‌పీ ఒక లెక్క కాదు. ఎనర్జీ రికవరీ కోసం డబ్బులు మనం పెట్టక్కర్లేదు అనేది నా అభిప్రాయం. అందుకే ఈసారి ఇంజను నుంచి బెల్టుతో తిరిగే హై ప్రెషర్ పంపు తీసుకున్నాం. గంటకి 600 లీటర్లు పీల్చి 60 ఇస్తుంది, మిగతా 540 మళ్ళీ సముద్రంలోకే. ఇంట్లో ఆర్వో వేస్టు నీళ్ళకే గొడవపడే మా అక్కకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు. ఆ 60లో 15 మిషను కడగడానికి పోతాయి, 45 మిగులుతాయి, ఎనిమిది మందికి రోజుకి కావాల్సింది 40. రోజుకో గంట చాలు.

మెంబ్రేన్ ఫిల్మ్‌టెక్ ఎస్‌డబ్ల్యూ30-2540 వేయించాం. రెండున్నర అంగుళాల లావు, 40 అంగుళాల పొడవు, ఇదే సైజులో వేరే కంపెనీలవీ వస్తాయి, ఆర్వో సామాన్ల కొట్టులో చెబితే తెప్పిస్తారు. మీరు ఏ మిషను కొన్నా సరే ఈ ఒక్కటి మాత్రం చూసుకోండి, వేరే వాడి దగ్గర దొరకని మెంబ్రేన్ ఉన్న మిషను ఊరికే ఇచ్చినా వద్దు. మా మెంబ్రేన్‌కి వేడి 45 డిగ్రీలు దాటకూడదు కాబట్టి ఇంజను గదిలో పెట్టలేదు, బయట నీడన బిగించాం. పంపు హెడ్డు ఏ స్టీలో కూడా అడగండి. 316 అయితే లోపల ఉప్పునీళ్ళు నిలవున్న చోట గుంటలు పడుతుంది, డ్యూప్లెక్స్ రకం స్టీలు ఖరీదెక్కువ గానీ ఆగుతుంది.

బెల్టు మిషనుతో తలనొప్పి ఏంటంటే ఇంజను స్పీడు మారితే ప్రెషరూ మారిపోతుంది. ఒకసారి వల ఎత్తేశాక సరంగు మామూలుగానే స్పీడు పెంచాడు, ప్రెషర్ గేజి ముల్లు ఒక్కసారి పైకి లేచింది. ప్రెషర్ మరీ పెరిగితే తెరుచుకుని వదిలేసే రిలీఫ్ వాల్వు ఉంది కాబట్టి బతికిపోయాం, ఈ మెంబ్రేన్‌కి 69 బార్ హద్దు. ఆ వాల్వు లేని మిషను బోటు ఎక్కించొద్దు. చప్పుడు కూడా ఎక్కువే. కలాసీలు పడుకునే చోటికి దూరంగా పెట్టించాల్సింది, అప్పుడు తోచలేదు.

ఇక గోదావరి వరద. కేటలాగుల్లో రాయని సంగతి ఇది. జులై నుంచి సెప్టెంబరు దాకా ఎర్రనీళ్ళు, గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దాటి సముద్రంలోకి చాలా దూరం పోతాయి. టైమ్ కలిసొస్తుందని మా బావ గోదావరి మొగ దాటిన వెంటనే మిషను వేశాడు, అరగంటలో మెంబ్రేన్‌కి ముందుండే 20 మైక్రాన్ ఫిల్టరూ, వెనకాల 5 మైక్రానూ రెండూ బురద ముద్దలు. ఇప్పుడు నీళ్ళు నీలంగా కనిపించాకే స్విచ్చి. హార్బరులో, రేవులో అసలే వద్దు, డీజిల్ తెట్టు పీల్చిందంటే మెంబ్రేన్ మళ్ళీ కోలుకోదు. ఇంకోటి, వరద రోజుల్లో పైనీళ్ళలో ఉప్పు తగ్గుతుంది, అదే ప్రెషర్‌కి ఎక్కువ నీళ్ళు వస్తాయి. సంబరపడి వదిలేయకుండా వాల్వు తిప్పి ప్రెషర్ తగ్గించాలి.

ఫైబర్ తెప్పల వాళ్ళకి ఇవేం అక్కర్లేదు, టిన్ను చాలు. ఎప్పుడైనా ఇంజను చెడి కొట్టుకుపోతే ఏంటి గతి అని భయముంటే చేత్తో కొట్టే చిన్న పంపులున్నాయి, కటాడిన్ సర్వైవర్ 06 కిలో పైచిలుకు బరువు, గంట కొడితే లీటరు లోపు వస్తాయి. ధర చూస్తే గుండె జారుతుంది, కానీ అది ప్రాణం కోసం పెట్టుకునేది, పప్పు ఉడకేసుకోవడానికి కాదు.

రెండో మిషనుకి నిషేధం ఒకటి గడిచింది. మందు రెండుసార్లు నేనే దగ్గరుండి మార్చాను, జూన్‌లో మొదటి రోజు టీడీఎస్ 340. అయిదుకి నాలుగు ఇస్తాను, ఒకటి చప్పుడుకి తగ్గించాను. ఇంత చేసినా మా సరంగు మాత్రం ఆ నీళ్ళు చప్పగా ఉన్నాయంటాడు, టీకి మా ప్లాంటు టిన్నే కావాలట. ఎలాగూ మిషను మొరాయిస్తే ఉండాలని ఒక డ్రమ్ము, నాలుగు టిన్నులు ఎప్పుడూ ఎక్కిస్తాం, వాటిలో ఒకటి ఆయనకే పోతోంది.