లివర్‌పూల్‌లో బీటిల్స్ జాడలు: ఏం చూడాలి, ఎక్కడ దిగాలి

బీటిల్స్ అనే పాటల బృందం కోసం లివర్‌పూల్ వెళ్లేవాళ్లలో చాలామంది లైమ్ స్ట్రీట్ స్టేషన్‌లో దిగి, నడుచుకుంటూ మ్యాథ్యూ స్ట్రీట్‌కి వెళ్లి, కావెర్న్ క్లబ్‌లో ఓ సాయంత్రం గడిపి, మర్నాడు రేవు దగ్గరి మ్యూజియం చూసుకుని తిరుగు రైలెక్కేస్తారు. నగరం నడిబొడ్డున ఉన్న ఈ భాగం చూడదగ్గదే. కానీ ఆ బృందంలోని నలుగురూ, అంటే జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్, పెరిగింది అక్కడ కాదు. వుల్టన్, ఆలర్టన్, వేవర్‌ట్రీ, డింగిల్ అనే పేటల్లో, ఊరికి దక్షిణంగా. మీ సమయంలోనూ డబ్బులోనూ పెద్ద వాటా అటువైపే పెట్టమంటాను.

ముందు కావెర్న్ సంగతి. 1961 ఫిబ్రవరి నుంచి 1963 ఆగస్టు దాకా బీటిల్స్ ఇక్కడ దాదాపు 300 సార్లు వాయించారు. తర్వాత వాళ్ల మేనేజరైన బ్రయన్ ఎప్‌స్టీన్ వాళ్లని మొదటిసారి చూసింది కూడా ఇక్కడే, 1961 నవంబరులో. అయితే ఆ అసలు నేలమాళిగ 1973లో మూతపడింది. భూగర్భ రైలు మార్గం పనుల కోసం దాన్ని పడగొట్టి పూడ్చేశారు. ఇప్పుడు మనం మెట్లు దిగి వెళ్లేది 1984లో తెరిచిన క్లబ్బు. పాత స్థలంలో కొంత భాగం మీద, పాత ఇటుకల్లో చాలావాటిని వాడి మళ్లీ కట్టారు. ఈ విషయం తెలిసి వెళ్తే మంచిది. ఇది పాత జ్ఞాపకాన్ని బతికించుకుంటున్న కొత్త చోటు. ఆ పని బాగానే చేస్తోంది.

పగటిపూట వెళ్లండి. ప్రవేశ రుసుము కొద్ది పౌండ్లే. కమాను పైకప్పు కింద చిన్న వేదిక మీద ఒక్క గాయకుడు గిటారు పట్టుకుని పాడుతుంటాడు, ముందు కుర్చీల్లో కూర్చున్నవాళ్లు ఏ దేశం వాళ్లయినా ప్రతి మాటా అందుకుంటుంటారు. మేం వెళ్లిన మధ్యాహ్నం తెల్లజుట్టు దంపతులొకరు మొదటి వరసలో కూర్చుని ఒక్క పాటా వదలకుండా పాడారు. రాత్రి కిక్కిరిసిపోతుంది, నిలబడడానికే చోటుండదు. సంగీతం వినాలనుకునేవాళ్లకి పగలే మేలు.

బస విషయానికొస్తే, అభిమానులందరి కళ్లూ నార్త్ జాన్ స్ట్రీట్‌లోని హార్డ్ డేస్ నైట్ హోటల్ మీదే ఉంటాయి. 1884 నాటి కట్టడాన్ని మార్చి 2008లో తెరిచారు. ముఖభాగం మీద నలుగురి విగ్రహాలు నిలబెట్టారు, లెనన్ పేరుతో ఉన్న సూట్‌లో తెల్లటి పియానో ఉంది. కావెర్న్‌కి రెండు నిమిషాల నడక. మేం దిగింది దీంట్లో కాదు, ఆ చుట్టుపక్కలే ఉన్న ఇంకో చిన్న హోటల్లో. గది శుభ్రంగానే ఉంది గానీ శుక్రవారం రాత్రి వీధిలో పాటలూ కేకలూ తెల్లవారుజాము దాకా ఆగలేదు. కిటికీకి ఒకటే పలక అద్దం. మాలాంటివాళ్లకి అలవాటే కాబోలు, కౌంటర్లోనే చెవుల్లో పెట్టుకునే దూది గుళికలు ఒక బుట్టనిండా పెట్టి ఉంచారు. మర్నాడు రేవు వైపు హోటల్‌కి మారిపోయాం. అక్కణ్ణుంచి మ్యాథ్యూ స్ట్రీట్‌కి పావుగంట నడక, రాత్రి నిశ్శబ్దం. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు రేవు వైపే చూసుకోండి. మధ్యలోనే ఉండాలనుకుంటే వీధి వైపు కాకుండా వెనక వైపు గది కావాలని బుక్ చేసేటప్పుడే అడగండి.

ఇక పేటల్లోకి వెళ్లే మార్గాలు. రంగురంగుల మ్యాజికల్ మిస్టరీ టూర్ బస్సు రెండు గంటల్లో వాళ్ల పాటలకెక్కిన పెన్నీ లేన్, స్ట్రాబెరీ ఫీల్డ్, వాళ్ల పాత ఇళ్లు అన్నీ తిప్పి చూపిస్తుంది. గైడ్ పక్కనే ఉండి చెబుతుంటారు, దారంతా పాటలు వస్తుంటాయి. ఒంటరిగా వెళ్లినవాళ్లకి ఇదే చవక. కాకపోతే ఇళ్లని బయటినుంచే చూపిస్తారు, ప్రతిచోటా ఆగేది కాసేపే. నలుగురైదుగురు కలిసి వెళ్తే నల్ల టాక్సీ మాట్లాడుకోవడం మంచిది. తల లెక్కన కాకుండా బండి లెక్కన అద్దె కట్టాలి, నచ్చిన చోట ఎక్కువసేపు ఆగొచ్చు. మా డ్రైవరు ఆ పేటల్లోనే పుట్టినాయన. ఆయన చెప్పిన కబుర్లలో సగం ఏ గైడ్‌బుక్కులోనూ లేనివి.

కానీ ఈ రెండూ ఇవ్వలేనిది ఒకటి, పాత కట్టడాల్ని కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్ ఇస్తుంది. జాన్ ఇంట్లోకీ పాల్ ఇంట్లోకీ అడుగుపెట్టే వీలు వాళ్ల టూర్‌లోనే ఉంది. చిన్న బస్సులో కొద్దిమందినే తీసుకెళ్తారు. లోపల ఫొటోలు తీయనివ్వరు, అది చాలా మంచి నియమం. అందరూ ఫోన్లు వదిలేసి గోడల్నీ గుమ్మాల్నీ కళ్లారా చూస్తారు.

మెన్‌లవ్ అవెన్యూలో 251వ నంబరు ఇల్లు మెండిప్స్. పెద్దమ్మ మిమీ దగ్గర జాన్ పెరిగిన ఇల్లు. 2002లో జాన్ రెండో భార్య యోకో ఓనో కొని ట్రస్ట్‌కి ఇచ్చేసింది. ముందు తోట, రంగుటద్దాల కిటికీలు, వసారా మీద జాన్ చిన్న పడకగది. గిటారు మోత పడలేక మిమీ జాన్‌నీ పాల్‌నీ వసారాలోకి తోలేసేదట. ఆ ఇరుకు వసారాలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టి చూడండి, శబ్దం ఎంత చక్కగా మోగుతుందో తెలుస్తుంది. ఇదే రోడ్డు మీద 1958 జూలైలో జాన్ తల్లి జూలియా కారు ఢీకొని చనిపోయింది. అంతకు రెండేళ్ల ముందే పాల్ తల్లి మేరీ జబ్బుచేసి పోయింది. ఆ ఇద్దరు కుర్రాళ్లనీ అంత గట్టిగా కలిపినవాటిలో ఈ దుఃఖమూ ఒకటి.

ఫోర్త్‌లిన్ రోడ్‌లో 20వ నంబరు ఇల్లు మెండిప్స్ కంటే చాలా చిన్నది. నగరపాలక సంస్థ అద్దెకిచ్చిన వరస ఇళ్లలో ఒకటి. 1955లో మెకార్ట్నీ కుటుంబం ఇక్కడికొచ్చింది. గోడల మీద పాల్ తమ్ముడు మైక్ తీసిన ఫొటోలున్నాయి. అందులో ఒకదాంట్లో జాన్, పాల్ ఎదురెదురుగా కూర్చుని గిటార్ల మీదికి వంగి ఉంటారు. ఆ ఫొటో తీసిన గదిలోనే మనం నిలబడి ఉంటాం. నాలుగడుగులేస్తే అవతలి గోడ తగులుతుంది. 'షీ లవ్స్ యూ' పాట 1963లో ఈ ఇంట్లోనే పూర్తయింది. ప్రపంచమంతా పాడుకున్న పాట ఇంత చిన్న గదిలోంచి బయల్దేరిందని చదివి తెలుసుకోవడం ఒకటి, అందులో నిలబడి చూడడం ఒకటి. ఈ యాత్ర మొత్తంలో దేన్నైనా వదిలేయండి గానీ దీన్ని వదలకండి.

రెండిళ్ల మధ్య దూరం మైలు కాస్త అటూ ఇటూ. మధ్యలో గోల్ఫ్ మైదానం, దాన్ని దాటుకునే వాళ్లు రాకపోకలు సాగించేవాళ్లు. మెండిప్స్ వెనకే స్ట్రాబెరీ ఫీల్డ్. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ 1936లో ఇక్కడ పిల్లల ఆశ్రమం పెట్టింది, 2005లో అది మూతపడింది. 2019లో మళ్లీ సందర్శకుల కోసం తెరిచారు. ఇప్పుడు నేర్చుకోవడంలో ఇబ్బందులున్న యువతకి ఇక్కడ ఉద్యోగ శిక్షణ ఇస్తున్నారు, మన టికెట్టు డబ్బు ఆ పనికి తోడ్పడుతుంది. రోడ్డు మీద కనిపించే ఎర్ర గేట్లు నకళ్లు, అసలువి లోపల భద్రంగా ఉన్నాయి. కాబట్టి గేటు ముందు ఫొటో తీసుకుని వెళ్లిపోకుండా లోపలికెళ్లండి. ప్రదర్శన బాగుంది, తోటా బాగుంది.

అక్కణ్ణుంచి వుల్టన్ సెయింట్ పీటర్స్ చర్చికి నడిచి వెళ్లొచ్చు. 1957 జూలై 6న ఇక్కడి ఉత్సవంలో, తర్వాత బీటిల్స్‌గా మారిన జాన్ బృందం క్వారీమెన్ వాయించింది. ఆ సాయంత్రం ఎదుటి హాల్లో ఐవన్ వాన్ అనే స్నేహితుడు పాల్‌ని జాన్‌కి పరిచయం చేశాడు. చర్చి ఆవరణలో ఎలియనార్ రిగ్బీ అనే పేరున్న సమాధి ఉంది. ఆమె 1939లో, 44 ఏళ్ల వయసులో చనిపోయింది. బీటిల్స్ 'ఎలియనార్ రిగ్బీ' పాటలోని పేరు ఈ రాతి మీదినుంచి తీసుకున్నది కాదని పాల్ చెప్పాడు. ఎప్పుడో చూసి మనసు లోతుల్లో ఉండిపోయిందేమో అని కూడా ఒప్పుకున్నాడు. ఇది ఇప్పటికీ పూజలు జరిగే చర్చి, స్మశానం. సమాధుల మీద కూర్చుని ఫొటోలు దిగేవాళ్లని చూస్తే బాధేసింది.

పెన్నీ లేన్ మామూలు వీధి. పాటలో వచ్చే సెలూన్, గుండ్రపు కూడలి ఉన్నది అక్కడే కాబట్టి అరగంట చాలు. ఊరి మధ్యనుంచి 86వ నంబరు బస్సు అటే వెళ్తుంది.

వేవర్‌ట్రీలో 12 ఆర్నాల్డ్ గ్రోవ్ జార్జ్ పుట్టిన ఇల్లు, డింగిల్‌లో 10 అడ్మిరల్ గ్రోవ్ రింగో పెరిగిన ఇల్లు. రెండూ ఇరుకు సందుల్లో ఉన్న చిన్న ఇళ్లు. చుట్టూ జనం కాపురాలుంటున్నారు. టాక్సీని సందు మొదట్లో ఆపించి, గొంతు తగ్గించుకుని నడవండి, తలుపులు తట్టకండి. ఈ సందులు చూశాకే నలుగురిలో ఎవరి బాల్యం ఎంత ఇబ్బందిగా గడిచిందో తెలిసింది. మెండిప్స్ ముందు ఇవి గుడిసెల్లాంటివి.

రేవు దగ్గరి బీటిల్స్ స్టోరీ మ్యూజియం 1990 నుంచి ఉంది. కథ మొదటినుంచి తెలియనివాళ్లకి, పిల్లలకి చాలా ఉపయోగం. జాన్ గుండ్రటి కళ్లద్దాలు, జార్జ్ మొదటి గిటారు తప్ప, పుస్తకాలు చదివి వచ్చిన అభిమానికి కొత్తగా తెలిసేది తక్కువ. సమయం లేకపోతే దీన్ని వదిలేసి వెస్ట్ డెర్బీ అనే పేటకి వెళ్లండి.

అక్కడ 8 హేమన్స్ గ్రీన్‌లో మోనా బెస్ట్ తన ఇంటి నేలమాళిగలో 1959 ఆగస్టు 29న కాస్బా కాఫీ క్లబ్ తెరిచింది. మొదటి రాత్రి వాయించింది జాన్, పాల్, జార్జ్ ఉన్న క్వారీమెన్. మోనా కొడుకు పీట్ బెస్ట్ 1941లో మద్రాసులో పుట్టాడు. రింగో రాకముందు, 1962 ఆగస్టు దాకా బీటిల్స్‌కి డ్రమ్స్ వాయించింది అతనే. క్లబ్ తెరిచే ముందు కుర్రాళ్లే గోడలకీ పైకప్పుకీ రంగులేశారు. పాల్ వేసిన రంగుల పట్టీలు, అందరూ కలిసి వేసిన నక్షత్రాలు, తర్వాత జాన్ మొదటి భార్య అయిన సింథియా గీసిన జాన్ నీడబొమ్మ ఇప్పటికీ అలాగే ఉన్నాయి. కావెర్న్‌ని తిరిగి కట్టారు, ఇది మాత్రం అసలు కట్టడమే. అయినా అక్కడ జనం తోసుకుంటారు, ఇక్కడ మాతో ఉన్నది ఐదారుగురే. ముందుగా బుక్ చేసుకోకుండా వెళ్తే తలుపు మూసే ఉంటుంది.

ఆగస్టు చివర్లో ఏటా బీటిల్‌వీక్ జరుగుతుంది. సంగీతం కావాలంటే అప్పుడే వెళ్లాలి, ఇళ్లు ప్రశాంతంగా చూడాలంటే మాత్రం అప్పుడు వద్దు. ఏప్రిల్‌లో గ్రాండ్ నేషనల్ గుర్రప్పందేల రోజుల్లో, పెద్ద ఫుట్‌బాల్ మ్యాచ్‌లున్న వారాంతాల్లో గదుల అద్దెలు బాగా పెరుగుతాయి. నేషనల్ ట్రస్ట్ టూర్ ఏడాది పొడవునా ఉండదు, ఉన్నప్పుడు కూడా అన్ని రోజులూ నడవదు. సీట్లు తక్కువ కాబట్టి ముందుగానే అయిపోతాయి. అందుకని ముందు ఆ టికెట్టు తీసుకుని, ఆ తేదీని బట్టి కాస్బా బుక్ చేసుకుని, రైలూ హోటలూ ఆ తర్వాత చూసుకోండి.