కాంటాక్ట్స్ యాప్ కి డబ్బులు కట్టే ముందు ఒక్కసారి ఇది చదవండి

అడ్రస్ బుక్ యాప్ ఏదైనా ప్రీమియం తీసుకుందాం అనుకుంటున్నవాళ్ళు కొంచెం ఆగండి. యాప్ పేరు రాయట్లేదు, ఇలాంటివి చాలానే ఉన్నాయి.

చెల్లి పెళ్ళికి శుభలేఖలు పంచాలని నాన్న డైరీలో ఉన్న అడ్రస్ లన్నీ, దాదాపు 600 మందివి, ఏడాదికి 1,499 కట్టి రాత్రిళ్ళు కూర్చుని అందులోకి ఎక్కించా. డోర్ నంబర్, సందు గుర్తు, ఎవరి తరఫు చుట్టం, అన్నీ నోట్స్ లోనే రాశా, ఎందుకంటే ఇంటిపేరు ముందొచ్చే మన పేర్లకి, రామాలయం వెనక సందు లాంటి అడ్రస్ లకి వాళ్ళిచ్చిన గడులు సరిపోవు. పెళ్ళయ్యాక డైరీతో ఇంకేం పనిలే అని అమ్మ పాత పేపర్లలో వేసేసింది.

మొన్న నాన్న షష్టిపూర్తికి మళ్ళీ అవసరమై తెరిస్తే, ఏడాది అయిపోయింది కాబట్టి సెర్చ్ లాక్, నోట్స్ కనపడవు. ఎక్స్‌పోర్ట్, అంటే అన్నీ ఫైల్ గా బయటికి తీసుకోవడం, ఫ్రీనే కదా అని చేస్తే పేరూ నంబరూ తప్ప ఏం రాలేదు. అవి కూడా ఎలా వచ్చాయంటే, వీకార్డ్ 2.1 (కాంటాక్ట్స్ దాచే ఒక రకం ఫైల్) ని నోట్‌ప్యాడ్ లో తెరిస్తే తెలుగు పేర్లన్నీ =ఈ0=బీ0 అంటూ వరసగా కోడ్ లు, ఫోన్ లోకి ఎక్కిస్తే పేర్లు వస్తాయి గానీ ఆ ఫైల్ ని మాత్రం కంటితో చదవలేం, వెతకలేం. సీఎస్వీ (కామాలతో విడదీసిన పట్టిక ఫైల్) తీసి ఎక్సెల్ లో తెరిస్తే 91 తో మొదలయ్యే నంబర్లు 9.19ఈ+11 అయ్యాయి, హైదరాబాద్ ల్యాండ్‌లైన్ల 040 లో ముందు సున్నా ఎగిరిపోయింది, అలాగే సేవ్ కొడితే అసలు నంబర్ నిజంగానే పోతుంది, జాగ్రత్త. సపోర్ట్ కి మూడు మెయిల్స్ పెట్టా, ముందు రెన్యూ చెయ్యండి అన్నదే జవాబు.

కొనే ముందు ఒక ఐదుగురివి పూర్తిగా ఎక్కించి, ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫైల్ ని నోట్‌ప్యాడ్ లో తెరిచి నోట్స్ తో సహా వచ్చాయో లేదో చూడండి, రాకపోతే పైసా కట్టొద్దు. యాప్ తీసేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ ఆగదు, ప్లే స్టోర్ లోకి వెళ్ళి విడిగా క్యాన్సిల్ కొట్టాలి.

నేనైతే ఇప్పుడు ఒక్క టెక్స్ట్ ఫైల్ పెట్టుకున్నా, మనిషికి ఒక లైన్. "చిన్నత్త, నరసరావుపేట, నాన్న తరఫు, రామాలయం వెనక సందు, ఆకుపచ్చ గేటు", చివర్లో నంబర్. కంట్రోల్ ఎఫ్ కొట్టి నరసరావుపేట అంటే ఆ ఊరివాళ్ళంతా ఒక్కొక్కరుగా దొరుకుతారు. పేరు తెలుగులోనూ ఇంగ్లిష్ లోనూ రెండూ రాయండి, బోరు మెకానిక్ లాంటి వాళ్ళకి పక్కన "మోటారు" అని కూడా వెయ్యండి, అవసరం వచ్చినప్పుడు ఏ మాట గుర్తొస్తుందో చెప్పలేం. సేవ్ చేసేటప్పుడు మాత్రం ఎన్‌కోడింగ్ (అక్షరాల్ని ఫైల్ లో దాచే పద్ధతి) యూటీఎఫ్-8 ఉందో లేదో చూసుకోండి, ఏఎన్ఎస్ఐ అనే పాత పద్ధతిలో పెడితే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది, ఇక వెనక్కి రాదు.

ఇప్పటికి 180 మందికి ఫోన్ చేసి అడ్రస్ లు మళ్ళీ రాసుకున్నా. ల్యాండ్‌లైన్ తప్ప ఇంకే నంబర్ లేక ఫోన్ లో దొరకని పెద్దవాళ్ళు ఓ పాతికమంది ఉన్నారు, వాళ్ళ ఊర్లకి నాన్నే స్వయంగా వెళ్తానంటున్నారు.